బండ మీద 800 ప్లేట్లు ఎందుకు?

ప్రశ్న: అన్నా, 20 టన్నుల పాత చైన్ మిషన్ (చైన్ల మీద నడిచి తవ్వే ఎక్స్‌కవేటర్) కొన్నాను. చైన్‌కి నేలని తాకే ప్లేట్లు 800 మి.మీ. వెడల్పువి వచ్చాయి. మా ఊరి చెరువు పూడిక తీసినన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు కోకాపేటలో సెల్లార్ పని, కిందంతా బండ. వారానికి రెండు మూడు ప్లేటు బోల్టులు తెగుతున్నాయి. ఆపరేటర్ వెల్డింగ్ కొట్టేద్దామంటున్నాడు. మా బావేమో డోజర్ల మాదిరి ఒంటి గట్టు ప్లేట్లు (నేలలో దిగే గట్టు ఒక్కటే ఉన్నవి) వేస్తే పట్టు ఉంటుందంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, శంకర్‌పల్లి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ వెల్డింగ్ మాట మానెయ్. ప్లేటు బిగించే చైన్ లింకుది వేడి చేసి గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం చెడి, పగులు అక్కడే మొదలవుతుంది. రేపు ప్లేటు విప్పాలంటే గ్యాస్ కటింగే గతి.

బోల్టులు తెగేది వెడల్పు వల్ల. ప్లేటు మధ్యలో నాలుగు బోల్టులతో లింకుకు బిగిసి ఉంటుంది, రెండు కొసలూ బయటికే. 600కి బదులు 800 వేస్తే ఒక్కో వైపు 100 మి.మీ. ఎక్కువ వస్తుంది. చెరువు మట్టిలో అది మేలే, నేల మీద ఒత్తిడి దాదాపు పావు వంతు తగ్గుతుంది. బండ మీద అదే గడ్డపారలా పనిచేస్తుంది. నార్సింగిలో ఒక సెల్లార్‌లో ప్లేటు కొస బండ ఎక్కగానే ఆపరేటర్‌ని అక్కడే ఆపమని, టార్చి వేసి చూశాను. ప్లేటుకీ లింకుకీ మధ్య వెంట్రుకంత సందు. బోల్టు తల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. మిషన్ దిగగానే సందు మూసుకుంది. రోజుకి కొన్ని వందల సార్లు అలా తెరిచి మూస్తే ఏ బోల్టు ఆగుతుంది? ఆ దెబ్బ లింకుల్ని కలిపే పిన్నులకీ, వాటి చుట్టూ ఉండే బుష్‌లకీ, చైన్ మీద దొర్లే రోలర్లకీ కూడా పోతుంది.

మిషన్ దిగబడకుండా ఉండేంత వెడల్పు చాలు, అంతకు మించి ఒక్క అంగుళం వద్దు. కోకాపేట బండకి 600 మూడు గట్ల ప్లేట్లే వెయ్యి. 800 సెట్టు దాచుకో, ఎండాకాలం మళ్లీ చెరువు పని వస్తే పనికొస్తుంది. మీ బావ మాట డోజర్‌కి నిజం, అది నెట్టాలి కాబట్టి ఒంటి గట్టు లోతుగా దిగాలి. మన మిషన్ గంటకి పదిసార్లు అటూ ఇటూ తిరగాలి, ఒంటి గట్టుతో తిప్పితే చైన్‌కే బాధ.

బోల్టులూ నట్లూ కొత్తవే వాడు. ప్లేటు కూర్చునే చోటు మట్టీ తుప్పూ లేకుండా గీకించు. ఎదురెదురుగా బిగించి, టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానా) మాన్యువల్‌లో ఉన్న లెక్క పట్టించి, ఆపైన అందులో చెప్పినంత కోణం తిప్పించు. దూరం నడపాల్సి వస్తే స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) వెనకుండేలా ముందుకే నడపమను; రివర్స్‌లో బుష్‌లు త్వరగా అరుగుతాయి.

కొత్త ప్లేట్లు కొనేముందు పిన్నులూ బుష్‌లూ కొలిపించు. అవి చివరికొచ్చి ఉంటే చైన్, ప్లేట్లు కలిపే మార్చాలి. రేపు పొద్దున ఇంజిన్ ఆపి ఉంచి ప్రతి బోల్టునీ సుత్తితో తట్టించు. బిగువున్నది ఖంగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. ఒక్కో వైపు ఎన్ని వదులున్నాయో నాకు రాయి.