మందు తాపినా గొర్రెల్లో నట్టలు ఎందుకు చావడం లేదు?

ప్రశ్న: సార్, మాది వర్ధన్నపేట దగ్గర ఊరు. 80 గొర్రెలు ఉన్నయి. మూడు నెలలకోసారి మంద మొత్తానికి ఆల్బెండజోల్ తాపుతున్నం. ముందట బాగనే పని చేసేది. ఇప్పుడు తాపిన ఇరవై రోజులకే కొన్నిటికి దవడ కింద నీరు దిగుతున్నది. రెండు చచ్చిపోయినయి. మందు కల్తీదా? గొర్రెల ఒంటికి మందు అలవాటైందా? డోసు డబుల్ చేస్తే పోతయా?
– ఒక గొర్రెల కాపరి, వరంగల్ జిల్లా

జవాబు: ముందు జబ్బుపడ్డ వాటి సంగతి చూద్దాం. దవడ కింద నీరు దిగిందంటే ఒంట్లో రక్తం బాగా తగ్గిందని అర్థం. వాటిని ఇవాళే వేరు చేసి పశువైద్యుడికి చూపించండి. కార్జపు జలగలున్నా ఇలాగే నీరు దిగుతుంది కాబట్టి పేడ పరీక్ష తప్పనిసరి. రక్తం పీల్చే నట్టలేనని తేలితే లెవామిసోల్, క్లోసాంటెల్ లాంటి వేరే మందు రాస్తారు. వీటిని మెడికల్ షాపులో అడిగి సొంతంగా తాపొద్దు. లెవామిసోల్ డోసు ఎక్కువైతే గొర్రె ప్రాణానికే ప్రమాదం. జబ్బు గొర్రెలను దూరం మేపుకు తోలకుండా ఇంటి దగ్గరే ఉంచి పల్లిచెక్క, మంచి మేత పెట్టండి. ఈసారి గొర్రె చనిపోతే డాక్టరుతో కోయించి నాలుగో పొట్ట తెరిపించండి. హీమాంకస్ అనే రక్తం పీల్చే నట్టలైతే ఒక్కోటి రెండు మూడు సెంటీమీటర్ల పొడవుతో, ఎర్రటి దారం, తెల్లటి దారం కలిపి పేనినట్టు కనిపిస్తాయి. ఎరుపు అది తాగిన రక్తం, తెలుపు దాని గుడ్ల సంచి. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టే.

ఇక మీ అనుమానాలు. మందు కల్తీ అయి ఉండొచ్చు, ఎక్స్‌పైరీ తేదీ చూడండి. కానీ మొదట బాగా పని చేసి పోనుపోను తగ్గిందంటున్నారు. పైగా గొర్రె కడుపులోకి కొత్తగా చేరిన నట్ట పెద్దదై గుడ్లు పెట్టడానికే మూడు వారాలు పడుతుంది. ఇరవై రోజుల్లోనే నీరు దిగిందంటే, మందు తాపిన రోజు పొట్టలో ఉన్న నట్టల్లో చాలా భాగం చావలేదనే నా అనుమానం. గొర్రె ఒంటికి మందు అలవాటు కావడం అనేది ఇక్కడ లేదు. మారింది నట్టల సంతతి.

ఎలా మారిందో చెబుతాను. ఇది అర్థమైతే మందు ఎప్పుడు తాపాలో, దేనికి మానాలో మీకే తెలుస్తుంది. ఆల్బెండజోల్ నట్ట కణాల్లోని ట్యూబులిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని దాన్ని పని చేయనివ్వదు. ఆ ప్రొటీన్‌లో 200వ స్థానంలో ఒక్క చిన్న మార్పు ఉన్న నట్టకు మందు సరిగా అతుక్కోదు. ఈ మార్పు మందు వల్ల పుట్టింది కాదు. లక్షల నట్టల్లో ఎక్కడో ఒకటీ అరా ఇలాంటివి పుడుతూనే ఉంటాయి. మందు లేనప్పుడు వాటికి ప్రత్యేక లాభమేమీ ఉండదు. మందు తాపిన రోజు మాత్రం లెక్క తారుమారవుతుంది. మీ మందలో పదివేల నట్టలుండి, వాటిలో పదింటికి ఈ మార్పు ఉందనుకోండి. మిగతావి చచ్చి ఆ పదే మిగులుతాయి. ఆడ నట్ట రోజుకు 5 వేలకు పైగా గుడ్లు పెడుతుంది. ఇక కొన్నాళ్లపాటు గడ్డి మీద పడే గుడ్లన్నీ వాటివే. వానాకాలంలో గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే నట్ట దాకా నెల చాలు. అంటే మీరు మందు తాపిన ప్రతిసారీ తట్టుకునే నట్టల వాటా పెరుగుతూ వచ్చింది. ఏ ఒక్క నట్టా తన బతుకులో మారలేదు, తట్టుకోవాలని నేర్చుకోనూ లేదు. చావాల్సినవి చచ్చాయి, మిగిలినవి పిల్లల్ని కన్నాయి.

దీన్నే ప్రకృతి వరణం అంటారు. మంచి పొట్టేలును ఉంచుకుని మిగతావి అమ్మేయడం మీకు తాతల నాటి నుంచి తెలిసిన పనే. చార్లెస్ డార్విన్ 1859లో తన సిద్ధాంతం వివరించేటప్పుడు, మనుషులు పశువులనూ పావురాలనూ ఎంచి పెంచే తీరుతోనే మొదలుపెట్టాడు. మందలో ఎంచేది మీరు. నట్టల్లో ఎంచింది సీసాలోని మందు. ఇది మీ ఊరి సమస్య ఒక్కటే కాదు. ఆల్బెండజోల్ కుటుంబంలో మొదటి మందు థయాబెండజోల్ 1961లో వస్తే, దాన్ని తట్టుకునే హీమాంకస్ గురించి 1964లోనే రాశారు.

డోసు డబుల్ చేయడం దీనికి మందు కాదు. తక్కువ పోయడమూ ముప్పే. పైన చెప్పిన మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే నట్ట పూర్తి డోసును తట్టుకుంటుంది. ఒక్కవైపు నుంచే వచ్చినవి పూర్తి డోసుకు చస్తాయి, తక్కువ డోసుకు బతికిపోతాయి. కంటి అంచనాతో పోస్తే వీటిని మనమే కాపాడినట్టు. కాంటా మీద తూచండి. 2.5 శాతం మందులో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుంటుంది. కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన 30 కిలోల గొర్రెకు 9 మిల్లీలీటర్లు. మందలో మేకలుంటే వాటి డోసు డాక్టరును విడిగా అడగండి. మేక ఒంట్లో మందు త్వరగా కరిగిపోతుంది కాబట్టి గొర్రె డోసు దానికి చాలదు. చూలు కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు.

ఇక మీరు మార్చుకోవాల్సిన అసలు అలవాటు: మంద మొత్తానికి ఒకేరోజు తాపడం. మే నెల ఎండకు గడ్డి మీది నట్ట పిల్లలు దాదాపు చచ్చిపోతాయి. అప్పుడు నట్టలు బతికుండేది గొర్రెల కడుపుల్లోనే. ఆ సమయంలో అన్నిటికీ తాపితే, తొలకరి గడ్డి మీద మొలిచేది తట్టుకునే నట్టల సంతానమే. మందు తాపిన రోజే కొత్త బీడుకు తోలినా ఇదే జరుగుతుంది. వానల ముందు తాపొద్దని నేననడం లేదు. బలంగా ఉన్న పెద్ద గొర్రెలు కొన్నిటిని వదిలేయండి. వాటి కడుపులోని మామూలు నట్టలు తట్టుకునే వాటితో కలిస్తే, పుట్టే సంతానంలో ఎక్కువ భాగం పూర్తి డోసుకు చస్తాయి. ‘పురుగును కావాలని వదలడమేంది సార్’ అని కాపరులు నన్ను నిలదీస్తుంటారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, అయినా ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను.

దేనికి తాపాలో కన్ను చెబుతుంది. కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి లోపలి రంగు పగటి వెలుగులో చూడండి. ఎర్రగా ఉంటే మందు అక్కర్లేదు. పాలిపోయినా, తెల్లబడినా తాపాలి. దక్షిణాఫ్రికాలో ఇందుకోసం ఐదు రంగుల కార్డే తయారు చేశారు, దాన్ని ఫమాచా అంటారు. శ్రావణ, భాద్రపదాల్లో రెండు వారాలకోసారి చూడండి. పిల్లలను, పాలిచ్చే తల్లులను ఇంకా జాగ్రత్తగా చూడాలి. మందలో కొద్ది గొర్రెల్లోనే ఎక్కువ నట్టలుంటాయి. ఏటా అవే పాలిపోతుంటే వాటిని మందలోంచి తీసేయండి. మందు అవసరం పడని తల్లి పిల్లనే పొట్టేలుకు ఉంచండి, ఆ గుణం కొంతవరకు పిల్లలకు దిగుతుంది. కెన్యాలోని రెడ్ మాసాయి, మన సుందర్బన్స్‌లోని గరోల్ గొర్రెలు హీమాంకస్‌ను బాగా తట్టుకునే జాతులుగా పేరు పొందాయి.

తర్వాతి మందు తాపే ముందు పది పదిహేను గొర్రెల పేడ నేరుగా వెనకనుంచి తీసి, విడివిడి కవర్లలో గొర్రె గుర్తు రాసి, అదేరోజు చల్లగా పశువైద్యశాలకు చేర్చండి. మీకు మామునూరు వెటర్నరీ కాలేజీ కూడా దగ్గరే. 10 నుంచి 14 రోజుల తర్వాత అవే గొర్రెల పేడ మళ్లీ ఇవ్వండి. గుడ్ల లెక్క 95 శాతం కన్నా తక్కువ తగ్గితే ఆల్బెండజోల్ మీ మందలో పని చేయడం లేదని తేలిపోతుంది. ఏ మందుకు మారాలో ఆ రిపోర్టు చూసి డాక్టరు చెబుతారు.