ఆ ఖాతా ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: మాది నిజామాబాద్. ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. 2021 మేలో నాన్నగారు కోవిడ్‌తో పోయారు. ఆ తరువాత రాత్రిళ్లు నిద్రపట్టక, ఉచితంగా ఆడుకోగల ఒక విమాన యుద్ధాల ఆటకు అలవాటుపడ్డాను. అది విదేశీ కంపెనీ ఆట. స్క్వాడ్రన్ (ఆటలోని జట్టు) మిత్రులే నాకు కుటుంబమయ్యారు. (ఖాతాను మొదట ఏలూరులో ఉండే ఒక ఆటగాడి దగ్గర 22,000 రూపాయలకు తీసుకున్నాను. నాకు అన్నలాంటివాడు. ఈమెయిల్ మాత్రం ఆయనదే ఉండిపోయింది.) మూడేళ్లలో ప్రీమియం విమానాలకు, ప్రీమియం గడువుకు నా డెబిట్ కార్డుతో 1,14,000 రూపాయలు కట్టాను. 2024 ఆగస్టు 19 రాత్రి పాస్‌వర్డ్ పనిచేయలేదు. మొదట నమోదైన వ్యక్తి ఖాతాను వెనక్కి తీసుకున్నారని, అమ్మకం జరిగినట్టు తేలినందున దానిని శాశ్వతంగా మూసివేశామని కంపెనీ జవాబిచ్చింది. అప్పటి నుంచి నెలనెలా మెయిల్ పెడుతూనే ఉన్నాను. విమానాల విలువ, నేను వెచ్చించిన వేల గంటల విలువ, మానసిక వేదన కలిపి 15 లక్షలు రాబట్టగలనా? ఖాతాను హ్యాక్ చేశారని సైబర్ పోలీసులకు చెప్పి, కార్డు చెల్లింపులు నేను చేయలేదని బ్యాంకుకు రాస్తే పని త్వరగా తేలుతుందని మిత్రుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఈ జూన్‌లో పంపిన పదకొండు పేజీల ఉత్తరంలో ‘నా ఖాతా’ అన్న మాట లేని పేజీ లేదు. ఆ ఖాతా మీ పేరున లేదన్న సంగతి మాత్రం తొమ్మిదో పేజీలో, కుండలీకరణాల మధ్య, మూడు చిన్న వాక్యాల్లో ఉంది. మీ కేసు నిలిచినా కూలినా ఆ మూడు వాక్యాల దగ్గరే కాబట్టి తక్కిన పది పేజీలను పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఇలాంటి ఆటల్లోకి ప్రవేశం ఉచితం. ఆడగా వచ్చిన పాయింట్లతో ఒక్కొక్క విమానాన్నీ సంపాదించుకుంటూ పోవాలి, పై మెట్టుకు వెళ్లేకొద్దీ ఆ సంపాదన నత్తనడక నడుస్తుంది, ఆ ఆలస్యాన్ని తగ్గించే ప్రీమియం గడువునూ ప్రీమియం విమానాలనూ కంపెనీ డబ్బుకు ఇస్తుంది. అయితే ఖాతా తెరిచేటప్పుడు ఎవరూ చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే షరతుల ప్రకారం అది అమ్మకం కాదు, ఆ ఖాతా ఉన్నంతకాలం వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి, అంటే లైసెన్సు మాత్రమే. ఖాతాను మరొకరికి అమ్మరాదన్న షరతు మీరు జతచేసిన ప్రతిలోనే ఉంది. ఏలూరు వ్యక్తి తనకు అమ్మే హక్కు లేనిదానిని మీకు అమ్మారు, మీరు కొన్నారు. మన వాయుసేన 2025 సెప్టెంబరులో మిగ్-21 విమానాలను విరమింపజేసింది. అవి ఎవరివన్న సందేహం ఆరు దశాబ్దాల్లో ఎవరికీ రాలేదు. ఆటలోని మీ మిగ్-21 విషయంలో సందేహమంతా అదే.

కంపెనీపై వినియోగదారుల కమిషన్‌కు వెళితే ఎదురయ్యే మొదటి అభ్యంతరం కూడా ఇదే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(7) సెక్షన్ డబ్బు చెల్లించి సేవ పొందిన వ్యక్తినే కాక, అతని ఆమోదంతో ఆ సేవను వాడుకునే వ్యక్తిని కూడా వినియోగదారుడిగానే గుర్తిస్తుంది. కానీ ఆ ఆమోదాన్ని ఇచ్చిన ఏలూరు వ్యక్తే దానిని వెనక్కి తీసుకున్నారు, పైగా ఆ ఆమోదం షరతులకు విరుద్ధం. అందువల్ల మీరు ఆడిన గంటలకు విలువ కట్టమని ఏ కమిషన్‌నూ ఒప్పించలేరు, ఎగిరిన గంటలు మీ కాలక్షేపమే తప్ప కంపెనీకి మీరు చేసిన సేవ కాదు. మిగిలేది ఒక్క దారి, అది మీ కార్డు. ఖాతా ఎవరిదైనా, ప్రతి చెల్లింపునూ మీ పేరున్న కార్డు నుంచి కంపెనీ నేరుగా స్వీకరించింది, కాబట్టి ఆ చెల్లింపుల మేరకు మీరు వినియోగదారుడేనని వాదించవచ్చు. అందులోనూ గట్టి భాగం ఒకటే. 2024 జులై 10న 5,600 రూపాయలు కట్టి ఏడాది ప్రీమియం గడువు తీసుకున్నారు, నలభై రోజులే వాడారు, మిగిలిన 325 రోజుల సేవ అందలేదు. దాని విలువ సుమారు ఐదు వేలు. మీరు అడిగిన 15 లక్షలకూ దీనికీ మధ్య ఎంత దూరమో చూసుకోండి.

ఖాతా మూసివేస్తే కొన్నవన్నీ పోతాయన్న షరతే అన్యాయమని మీరు రాశారు. ఆ వాదనకు చట్టంలో చోటుంది, 2(46) సెక్షన్ అన్యాయపు ఒప్పందం అంటే ఏమిటో చెబుతుంది. అయితే అలాంటి ఒప్పందంపై ఫిర్యాదును జిల్లా కమిషన్ వినదు, 47వ సెక్షన్ ప్రకారం అది రాష్ట్ర కమిషన్‌లో వేయవలసిన ఫిర్యాదు. జిల్లా కమిషన్‌లో సేవాలోపం అని వేసి, లోపల షరతులు చెల్లవని ప్రార్థన చేర్చి, రెండింటికీ చెడిన ఫిర్యాదులను నేను చూశాను. మీ మొత్తానికి జిల్లా కమిషన్‌లో సేవాలోపం మేరకే పరిమితం కావడం మంచిది. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయడానికి 34వ సెక్షన్ వీలిస్తుంది, చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు దాటలేదు కాబట్టి రుసుము ఉండదు, మనదేశంలోని వినియోగదారులకు సేవలమ్మే విదేశీ సంస్థలకు కూడా 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. అయినా విదేశంలో ఉన్న కంపెనీకి నోటీసు అందించి ఉత్తర్వు అమలు చేయించుకోవడానికి అయ్యే శ్రమ ఐదు వేలకు తగినదేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఇక్కడ గడువు మాట చెప్పక తప్పదు. 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్యకారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంఘటన, పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. మీ విషయంలో అది 2024 ఆగస్టు 19న పుట్టింది, అంటే మీ చేతిలో ఉన్నది దాదాపు రెండు నెలలు. నెలనెలా మెయిల్ పంపుతున్నందున గడువు సాగుతూ వస్తోందని మీరు అనుకుంటున్నారు, సాగదు. మీరు పంపిన మెయిళ్లకు కంపెనీ ప్రతిసారీ పాత జవాబే ఇచ్చినంత మాత్రాన కొత్త వ్యాజ్యకారణం పుట్టదు, లీగల్ నోటీసు ఇచ్చినా గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి, ఇరవై రెండు నెలలు మెయిళ్లు రాస్తూ కూర్చున్నానన్నది తగిన కారణం కాదు.

మీ అసలు ప్రతివాది ఏలూరులో ఉన్నారు. డబ్బు తీసుకుని, మూడేళ్ల తరువాత తన ఈమెయిల్ ఆధారంగా అదే ఖాతాను వెనక్కి లాక్కున్నది ఆయనే. 22,000 రూపాయలకు ప్రతిఫలం ఆ రోజుతో నశించింది కాబట్టి, 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 47వ అధికరణం ప్రకారం ఆ తేదీ నుంచి మూడేళ్లు, అంటే 2027 ఆగస్టు దాకా దావాకు గడువుందని నా అభిప్రాయం. అమ్మకం మొదటి నుంచే చెల్లనిది కాబట్టి గడువు 2021లోనే మొదలై ముగిసిపోయిందని ఎదుటి న్యాయవాది తప్పకుండా అంటారు, అందుకే చివరి ఏడాది కోసం ఆగవద్దు. తరువాత మీరు చేర్చిన విమానాల నష్టాన్ని కూడా కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద అడగవచ్చు. ఖాతా కొన్నవాడు దానిలో డబ్బు పెడతాడని తోటి ఆటగాడిగా ఆయనకు తెలియదని కోర్టు నమ్మడం కష్టం.

సాక్ష్యం దగ్గర మాత్రం మీ అజాగ్రత్తను మందలించక తప్పదు. 22,000 ఇచ్చి కొన్నదాని ఈమెయిల్‌ను మూడేళ్లలో ఒక్కసారైనా మార్పించుకోలేదు. కొనుగోలు రసీదులన్నీ ఆయన మెయిల్‌కే వెళుతున్నా ఊరుకున్నారు. బేరం జరిగిన సంభాషణ ఉన్న పాత ఫోనును కొత్త ఫోను కోసం మార్పిడి కింద దుకాణంలో ఇచ్చేశారు. దాచిపెట్టింది ఏమిటంటే, మీరు గెలిచిన యుద్ధాల రీప్లే ఫైళ్లు, అవి 140. అవి మీరు బాగా ఎగిరారని నిరూపిస్తాయి, డబ్బు ఇచ్చారని నిరూపించవు. అయినా రెండు ఆధారాలు మిగిలి ఉన్నాయి. 2021 జూన్ 27 నాటి యూపీఐ చెల్లింపుకు ‘ఫ్లైట్ ఐడీ ఫుల్ పేమెంట్’ అని మీరే రాసుకున్న మాట బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంది, దానికి 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ప్రకారం ధ్రువీకరించిన ప్రతి తీసుకోండి. బేరం జరిగిన గ్రూపులో మీ స్క్వాడ్రన్ మిత్రుడు కూడా ఉన్నారని ఆరో పేజీలో రాశారు. ఆ ఫోను ఇంకా ఆయన దగ్గరే ఉంటే అదే మీకు ప్రాణాధారం. స్క్రీన్‌షాట్లు పంపించుకుని తృప్తిపడకండి. పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ ఆధారాలకు కోరే ధ్రువపత్రంలో ఒక భాగాన్ని ఫోను అధీనంలో ఉన్న ఆ మిత్రుడు, రెండో భాగాన్ని నిపుణుడు సంతకం చేసి ఇవ్వాలి. పాత చట్టంలోని 65బీ ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో తేల్చిచెప్పింది.

మీ మిత్రుడి సలహా సంగతి. హ్యాకింగ్ జరిగిందని, చెల్లింపులు మీరు చేయలేదని రాసి ఇస్తే, మీ ఫోనుకు వచ్చిన ఓటీపీలు, మీ ఇంటి ఇంటర్నెట్ నుంచి జరిగిన లాగిన్లు, మీరే కంపెనీకి రాసిన ఇరవైకి పైగా మెయిళ్లు మీకు వ్యతిరేకంగా వరుసగా నిలుస్తాయి. తెలిసి తెలిసి ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం. ఈ రోజు నష్టపోయిన మీరు రేపు నిందితుడవుతారు, నిజమైన దావాలో కూడా మీ మాటకు విలువ పోతుంది. ఆ కాగితం ముట్టుకోవద్దు. ఉన్నదున్నట్టు చెప్పి ఏలూరు వ్యక్తిపై మోసం కేసు పెట్టవచ్చు కదా అంటే, మోసం నేరానికి మొదట్లోనే దురుద్దేశం ఉందని చూపాలి. మూడేళ్లు మిమ్మల్ని నిర్విఘ్నంగా ఆడనిచ్చిన వ్యక్తి విషయంలో అది చూపడం కష్టం. ఆన్‌లైన్ గేమింగ్‌పై 2025లో వచ్చిన కేంద్ర చట్టాన్ని కూడా మీరు ప్రస్తావించారు. ఆ చట్టం నిషేధించింది గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆటలను. మీ ఆటలో గెలిస్తే వచ్చేది మరో విమానమే.

కనుక ఈ నెలలోనే రసీదు వచ్చే స్పీడ్ పోస్టులో ఏలూరు వ్యక్తికి లీగల్ నోటీసు పంపించండి. 22,000తో పాటు విమానాలపై పెట్టిన సొమ్మును లెక్కగట్టి అడగండి, ఖాతా కొనుగోలు నిజాన్ని మొదటి పేరాలోనే ఒప్పుకోండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఏలూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ముందస్తు రాజీ కోసం దరఖాస్తు చేయండి. అక్కడ లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, ఖర్చు ఉండదు. ఆయన రాజీకి రాకపోతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయాలి. కంపెనీపై ఆ ఐదు వేల కోసం వెళ్లాలనే అనుకుంటే, ఆగస్టు 18లోగా ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో నమోదై ఉండాలి. వీటన్నిటికంటే ముందు, ఈ రాత్రికే ఆ స్క్వాడ్రన్ మిత్రుడికి ఫోన్ చేసి, ఆయన ఫోను ఇంకా ఆయన దగ్గరే ఉందో లేదో తెలుసుకోండి.