క్రిస్మస్ విందుకి టర్కీ ఎందుకండీ, వేట తొడ ఉండగా?

"ఈసారి క్రిస్మస్‌కి మా ఇంటికి పదిమందికి పైగా వస్తున్నారు. టర్కీ చేయాలని లేదు. బల్ల మీద నడిమధ్య దాని బదులు ఏం పెట్టొచ్చు?" అని అడిగారు. అమెరికాలో ఉంటున్నానని రాశారు కాబట్టి ఇక్కడి సంగతే చెప్తాను. నా జవాబు ఒక్కటే: ఎముకతో ఉన్న గొర్రె తొడ. ముక్కలు కొట్టించకుండా, నిండుగా, ఓవెన్‌లో. దీని మీద నాతో వాదించి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు, మా ఆయనతో సహా.

టర్కీ లేకపోతే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో అన్న బెరుకు మీ ప్రశ్నలో కనిపిస్తోంది. అదేం పెట్టుకోకండి. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కి దేశమంతా టర్కీ తింటుంది. మిగిలిన మాంసం శాండ్‌విచ్‌ల్లోకి, సూపుల్లోకి వెళ్ళి, ఫ్రిజ్ తెరిస్తే అదే కనబడి విసుగు పుడుతుంది. నెల తిరగ్గానే మళ్ళీ అదే పక్షి ఎవరిక్కావాలి? అమెరికన్ల ఇళ్ళలోనే చాలామంది క్రిస్మస్‌కి హామ్, అంటే పంది తొడ పెడతారు, చేతిలో డబ్బాడితే ప్రైమ్ రిబ్, అంటే పెద్ద మాంసంలో పక్కటెముకల భాగం చేస్తారు. క్రిస్మస్‌కి టర్కీయే కావాలన్న పట్టుదల బ్రిటన్ వాళ్ళది. వాళ్ళు కూడా ఒకప్పుడు గూస్, అంటే బాతు లాంటి పెద్ద పక్షిని కోసుకున్నవాళ్ళే. జర్మనీలో ఇప్పటికీ గూస్ వండుతారు. పోలండ్‌లో 24 రాత్రి మాంసమే ముట్టరు, చేపలు, పుట్టగొడుగులు కలిపి 12 వంటకాలు చేసుకుంటారు. జపాన్ వాళ్ళు 1970ల నుంచి కేఎఫ్‌సీ చికెన్‌కి ముందే ఆర్డర్ పెట్టుకుంటున్నారు. అసలు టర్కీ అమెరికా ఖండపు పక్షి. బేత్లెహేములో ఆ రాత్రి టర్కీ లేదు, గొర్రెలు మాత్రం ఉన్నాయి. కాపరులు వచ్చారని లూకా సువార్తలో ఉంది కదా. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మాది గుంటూరు వైపు, లూథరన్ కుటుంబం. 1842లో హేయర్ దొర అమెరికా లూథరన్ల తరఫున గుంటూరు వచ్చాడు. ఆయన వెనక వచ్చిన మిషనరీలు మాకు ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ ఇచ్చారు, కుగ్లర్ ఆసుపత్రి ఇచ్చారు. టర్కీని మాత్రం మా కంచాల్లోకి ఎక్కించలేకపోయారు. మాకు క్రిస్మస్ అంటే ఇంటి మీద నక్షత్రం, గుళ్ళో రాత్రి ఆరాధన, అరిసెలు, గులాబీ పువ్వులు, ఆ పైన వేటమాంసం.

టర్కీతో నాకున్న తగాదా రుచి ఒక్కదాని గురించే కాదు. దాని ఛాతీ మాంసం ఒక వేడికి, తొడ మాంసం ఇంకో వేడికి కుదురుతాయి. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలని ఇక్కడి ప్రభుత్వమే చెప్తుంది. తొడ మెత్తబడేదాకా ఉంచితే ఛాతీ పీచైపోతుంది. ఆ పీచు గొంతు దిగడానికే గ్రేవీ కనిపెట్టారని నా గట్టి నమ్మకం. పైగా గడ్డకట్టిన పక్షి ఫ్రిజ్‌లో కరగాలంటే ప్రతి నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది. పదహారు పౌండ్ల టర్కీ అంటే నాలుగు రోజులు ఫ్రిజ్ దానికి రాసిచ్చేసినట్టే. ఇడ్లీ పిండి ఎక్కడ పెట్టుకుంటారు? పండగనాడు ఓవెన్‌ని ఇంకో నాలుగు గంటలు ఆక్రమిస్తుంది. కొందరు ఇంటి ముందు పెద్ద బిందెడు నూనె కాచి అందులో దించుతారు. అలా దించబోయి మంటలు లేస్తున్నాయని ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఏటా మొత్తుకుంటూనే ఉంటారు, అయినా మానరు.

మా అమ్మ విజిటర్ వీసా మీద మా ఇంటికి, అంటే ఒహాయోలోని కొలంబస్‌కి వచ్చిన ఏడాది సంగతి చెప్పాలి. క్రిస్మస్‌కి మా చర్చి తెలుగు కుటుంబాలు, మా ఆయన ఆఫీసు వాళ్ళు, పక్కింటి అమెరికన్ ముసలి దంపతులు, అందరినీ పిలిచాం. సూపర్‌మార్కెట్‌లో వలలో బిగించి కట్టిన ఆస్ట్రేలియా గొర్రె తొడ చూపిస్తే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎముకేదే?" అంది. తీసేసి అమ్ముతారమ్మా అన్నాను. "ఎముక తీసేసి దీనికి డబ్బులు కూడా అడుగుతున్నారా?" అని అక్కడే పెట్టేసి నడిచింది.

కొలంబస్‌లో సోమాలీలు చాలామంది ఉన్నారు, వాళ్ళ హలాల్ షాపులూ ఉన్నాయి. ఒక షాపుకి తీసుకెళ్ళాను. కొట్టేవాడు మమ్మల్ని చూడగానే "కర్రీ కట్?" అని కత్తి ఎత్తాడు. మన మొహం చూస్తే వాళ్ళకి ఇంకేం అడగాలనిపించదు. అమ్మ "వద్దు వద్దు, మొత్తం కావాలి" అని తెలుగులోనే కేకేసింది. అతను ఇంగ్లిష్‌లో ఏదో అడిగాడు. నేను అనువాదం మొదలుపెట్టేలోపే అమ్మ తన మోకాలు చూపించి, అరచేతిని కత్తిలా అడ్డంగా ఆడించింది. అతను ఒక్క క్షణం చూసి నవ్వి, తొడ మొత్తం ఉంచి, పిక్క ఎముక మాత్రం పాత్రలో పట్టేలా కీలు దగ్గర విరిచి ఇచ్చాడు. బేరం కూడా ఆడబోయింది. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

ఓవెన్ అంటే అమ్మకి నమ్మకం లేదు. కనబడకుండా ఉడికేదాన్ని ఎలా నమ్ముతావే అంటుంది. ఉండుండి తలుపు తెరిచి చూడ్డం, "ఆవిరి పోతోందమ్మా" అని నేను మూయడం, మధ్యాహ్నమంతా ఇదే గొడవ. ఆఖర్లో పై రంగు కోసం వేడి పెంచితే కొవ్వు చిటపటలాడి పొగ లేచి స్మోక్ అలారం మోగింది. మా ఆయన తువ్వాలు పట్టుకుని దాని కింద విసురుతుంటే అమ్మ, "అల్లుడు గారూ, ముందు కిటికీ తెరవండి" అని హడావుడి. బయటేమో మంచు.

బల్ల మీద పెట్టాక పక్కింటాయన కోయడానికి పొడుగాటి కత్తి అడిగాడు. అమ్మ గరిటె ఇచ్చింది. నిజంగానే గరిటె చాలింది. మాంసం ఎముక నుంచి దానంతటదే ఊడొచ్చింది. మూలుగ ఎముక మా ఇళ్ళలో కొత్తల్లుడికి పెడతారు. అమ్మ ఆ రోజు మా ఆయన్ని దాటేసి దాన్ని ఆ ముసలాయన ప్లేట్లో పెట్టింది. ఆయన బెరుకు లేకుండా ఎముక ఎత్తి ప్లేటు అంచుకేసి కొట్టి లాగేశాడు. చిన్నప్పుడు మా అమ్మమ్మ పెట్టేదన్నాడు. మా ఆయన మొహం చూడాలి. ఆ సంగతి ఇప్పటికీ తీస్తుంటాడు.

ఇక చేసే పద్ధతి. ఐదారు పౌండ్ల తొడ తీసుకోండి. పైన మందంగా ఉన్న కొవ్వు కొంచెం చెక్కేసి, లోతుగా గాట్లు పెట్టి, ముందురోజు రాత్రే ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, గరం మసాలా, పెరుగు, కొద్దిగా నిమ్మరసం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. గసగసాలు, ఎండు కొబ్బరి నూరి మర్నాడు కలపండి. పాత్ర అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, గ్లాసుడు నీళ్ళు పోసి, తొడ పెట్టి, ఫాయిల్‌తో గట్టిగా మూసి 325 డిగ్రీల్లో మూడున్నర గంటలు వదిలేయండి. తర్వాత ఫాయిల్ తీసేసి 425లో ఇంకో పావుగంట పైచిలుకు. గొర్రెమాంసానికి లోపల 145 వస్తే చాలని ఇక్కడి పుస్తకాల్లో రాస్తారు. ఆ లెక్కకి దించితే లోపల గులాబీరంగుగా ఉంటుంది, మనవాళ్ళు చూసి మెల్లగా ప్లేటు పక్కకి జరుపుతారు. 190 దాటనివ్వండి. అడుగున మిగిలిన ఉల్లిపాయల రసమే గ్రేవీ, దానికి మైదా కలపక్కర్లేదు. తోడుగా బగారా అన్నమో కొబ్బరి అన్నమో చేయండి. గోంగూర దొరక్కపోతే క్రాన్‌బెరీలతో పచ్చడి చేయండి, ఆవాలు మెంతులు వేసి తాలింపు పెడితే బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ పళ్ళలో పంచదార పోసి జామ్‌లా చేసి మాంసం పక్కన పెట్టడం ఏం ఆచారమో నాకిప్పటికీ అంతుపట్టదు.

మిగతావి ఎందుకు వద్దంటున్నానో కూడా వినండి. హామ్ తేలికే, ఉడికిందే అమ్ముతారు, వేడి చేస్తే చాలు. కానీ పంది తిననివాళ్ళు మన పిలుపుల్లో సగం మంది ఉంటారు, పైగా దాని మీద తేనె, బ్రౌన్ షుగర్ పూస్తారు. ప్రైమ్ రిబ్ చాలా రుచైన మాంసం, కాదనను. మా ఇంట్లో పెద్ద మాంసం తింటాం. అయితే తినని స్నేహితుల్ని పిలిచి వాళ్ళ ముందు అదే ప్రధానంగా పెట్టడం నాకు నచ్చదు. బాతు కేరళ వాళ్ళు వండితే తినాలి, కానీ ఒక బాతు ముగ్గురు నలుగురికి మించి రాదు, పదిమందికి మూడు బాతులు కాల్చాలి. మీరు ఇద్దరే ఉంటే నేను కూడా బాతే అనేదాన్ని. కార్నిష్ కోళ్ళు మనిషికొకటి చొప్పున పెడితే చూడ్డానికి బాగుంటాయి, చిన్నపిల్లలు సంబరపడతారు. తిన్నాక మాత్రం అది చికెనే.

"బిర్యానీ చేస్తే పోలా?" అని కింద ఎవరో తప్పకుండా రాస్తారు, అందుకని ముందే చెప్తున్నాను. పోదు. ఇక్కడ మన పుట్టినరోజులకి బిర్యానీ, గృహప్రవేశాలకి బిర్యానీ, పాట్‌లక్ అంటే ముగ్గురు ఒకే రెస్టారెంట్ నుంచి తెచ్చిన మూడు అల్యూమినియం ట్రేల బిర్యానీ. వారం వారం తినేదాన్ని పండగ వంట అనడం ఎలా? పండగనాడు బల్ల మీద ఉన్నదాన్ని చూసి పిల్లలు కుర్చీ లాక్కుని ముందుకు రావాలి.

శాకాహారుల గురించి మీరేమీ రాయలేదు. వాళ్ళకి "సైడ్‌లు బోలెడున్నాయి" అని చెప్పి బంగాళాదుంప ముద్ద, ఉడికించిన బీన్స్ పెట్టి పంపడం ఈ దేశంలో మనం నేర్చుకున్న అతి చెడ్డ అలవాటు. వాళ్ళకీ నడిమధ్య ఒకటి ఉండాలి. గుత్తి వంకాయ చేయండి, నిండుగా, నూనె తేలేలా. లేదా కాలీఫ్లవర్ పువ్వు పళంగా అదే మసాలా పట్టించి, వేరే పాత్రలో, తొడ ఓవెన్ ఎక్కకముందే కాల్చి పెట్టుకోండి. గరిటెలు వేరుగా ఉంచండి. మాంసం గరిటె పొరపాటున కూడా అందులో పడకూడదు.

మీ మందికి ఒక తొడ చాలదు. ఆరు పౌండ్ల తొడ ఎముక పోను ఏడెనిమిది మందికి సరిపోతుంది, కాబట్టి రెండు చెప్పండి. రెండూ ఒకే అరలో పక్కపక్కన పట్టే పాత్రలు ఉన్నాయో లేదో ఇవాళే ఓవెన్‌లో పెట్టి చూసుకోండి. డిసెంబర్ మూడో వారంలోనే హలాల్ షాపుకి ఫోన్ చేసి రెండూ ఒకే సైజువి పక్కన పెట్టమనండి. ఆ వారం దాటితే మీకు దక్కేది వలలో కట్టినదే.