పోలండ్ పెన్షన్ లోటు: సంస్కరణ తర్వాత ఎందుకు పెరిగింది?

పెన్షన్లు తగ్గించే సంస్కరణ 1999లో వచ్చినా లోటు పెరిగిందేమిటని అడిగారు. పెన్షన్లు ఉబ్బడం కన్నా, చందా దారి మళ్లడమే దీనికి కారణం అయ్యుంటుంది.

1. జీతంలో పెన్షన్ చందా 19.52 శాతం. అందులోంచి జీతంలో 7.3 శాతానికి సమానమైన భాగం ప్రైవేటు పెన్షన్ నిధులకు (ఓఎఫ్ఈ) మళ్లింది. 1000 జ్లోటీల జీతానికి 195.20 వసూలైతే, పెన్షన్లు చెల్లించే ప్రభుత్వ సంస్థ జూస్‌కు మిగిలేది 122.20. పాత పెన్షనర్లకు మాత్రం ఎప్పటిలాగే చెల్లించాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బడ్జెట్ నుంచి జూస్‌కు వచ్చే మామూలు గ్రాంటు వేరు, ఓఎఫ్ఈకి పోయిన చందాకు ఇచ్చే పరిహారం వేరు. రెండూ ఒకే వరుసలో కలిపేస్తే సంస్కరణే విఫలమైనట్టు కనిపిస్తుంది. పరిహారాన్ని వేరే కాలమ్‌లో పెట్టి, ఏటా లోటు ఎంతో చూపే గ్రాఫు గీయండి.

3. 2011లో 7.3ను 2.3కి తగ్గించారు; ఆ గ్రాఫులో గీత అక్కడ విరుగుతుంది.

4. 2014 ఫిబ్రవరిలో ఓఎఫ్ఈ ఆస్తుల్లో 51.5 శాతం జూస్‌కు బదిలీ చేసి, వాటిలోని ప్రభుత్వ బాండ్లను రద్దు చేశారు. ఆ ఏడాది ప్రభుత్వ అప్పు పడిపోవడాన్ని పొదుపు అనుకోకండి, లెక్కల మార్పే ఎక్కువ.

5. రైతుల పెన్షన్లు చూసే క్రూస్ వేరే సంస్థ. దాన్ని ఇందులో కలపొద్దు.