పాదరసం అయాన్లు డీఎన్ఏకి ఎక్కడ అతుక్కుంటాయి? దాని ఆకారం ఎందుకు మారుతుంది?

పాదరసం అయాన్ (2+ ఆవేశం ఉన్నది) ముందుగా వెతికేది డీఎన్ఏలోని నాలుగు క్షారాల్లో (బేస్‌లలో) ఒకటైన థైమిన్‌నే. రెండు థైమిన్లు ఎదురెదురుగా ఉంటే అవి సరిగ్గా జత కట్టలేవు, ఆ చోట గొలుసు బలహీనంగా ఉంటుంది. అక్కడ అయాన్ దూరి, ఒక్కో థైమిన్‌లోని 3వ నైట్రోజన్ మీదున్న ప్రోటాన్‌ను తొలగించి ఆ స్థానంలో తాను బంధం వేస్తుంది. నైట్రోజన్–పాదరసం–నైట్రోజన్ దాదాపు సరళరేఖలో, ఒక్కో బంధం సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) పొడవుతో నిలుస్తాయి. ఆ ప్రోటాన్‌కు పీకేఏ (ప్రోటాన్ సగం మేర ఊడే పీహెచ్) 9.8 దగ్గర ఉన్నా, పీహెచ్ 7లోనే ఊడిపోతుందంటే ఈ బంధం ఎంత గట్టిదో చూడండి.

అలాంటి జతకు ఒక్క అయాన్ చాలు. అది ఇమిడితే జంటపేట కరిగే (అంటే రెండు పేటలు విడిపోయే) ఉష్ణోగ్రత పెరుగుతుంది. మామూలు అడినిన్–థైమిన్ జతలున్న డీఎన్ఏలో మాత్రం, అయాన్లు ఎక్కువైతే హైడ్రోజన్ బంధాలు తెగి, పేటలు ఒకదానిపై ఒకటి జరిగి థైమిన్లు ఎదురుపడతాయి. కుదురైన మెలిక చెదిరి, ద్రావణపు చిక్కదనం పడిపోతుంది.

ప్రయోగం చేసేవారు ఎక్కువగా పొరబడేది బఫర్ (పీహెచ్‌ను మారకుండా నిలిపే ద్రావణం) దగ్గరే. క్లోరైడ్ పాదరసాన్ని పట్టేసుకుంటుంది, ల్యాబ్ ద్రావణాల్లో తరచూ కలిపే ఈడీటీఏ (లోహాలను పట్టేది), డీటీటీ (సల్ఫర్ ఉన్న పదార్థం) ఇంకా గట్టిగా. అందుకే సోడియం క్లోరైడ్ బదులు సోడియం నైట్రేట్, ట్రిస్ బఫర్ బదులు మాప్స్ బఫర్ వాడండి. ఈ బంధం తిరిగి విడిపోగలదు: చివర్లో థయోల్ (డీటీటీ లాంటి, సల్ఫర్–హైడ్రోజన్ గుంపు ఉన్న పదార్థం) కలిపితే పాదరసం ఊడివస్తుంది, మార్పు నిజంగా దానివల్లే జరిగిందా అన్నది అలా తేలుతుంది. పాదరసం కలిసిన వ్యర్థాన్ని సింకులో పోయకండి, విడి సీసాలో పెట్టండి.