అద్దాలు ఎన్ని రకాలు, ఏది ఎక్కడ వాడాలి? నేను వాడి తెలుసుకున్నవి

మీరు అడిగింది రెండు ముక్కల్లో: బళ్ళో చదువుకున్న సమతల, పుటాకార, కుంభాకార దర్పణాలు రోజువారీ జీవితంలో నిజంగా ఎక్కడ పనికొస్తాయి? ఇల్లు మారుతున్నాం కాబట్టి అద్దాలు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

చదునుగా ఉన్నది, లోపలికి వంగినది, బయటికి ఉబ్బినది. రోజూ మన కంటపడే అద్దాలన్నీ దాదాపు ఈ మూడింట్లోకే వస్తాయి. అద్దం అబద్ధం చెప్పదని అంటుంటాం గానీ, ప్రతి అద్దమూ ఏదో ఒకటి మార్చే చూపిస్తుంది. ఒకటి ఎడమకుడులను, ఒకటి సైజును, ఒకటి దూరాన్ని. ఏది దేన్ని మారుస్తుందో తెలిస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలిసిపోతుంది. బళ్ళో చదివినప్పుడు బుర్రకెక్కని ఈ సంగతి, మా ఇంట్లో ఒక కర్టెన్ మాడాక నాకు బాగా ఎక్కింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా నాన్నకి గడ్డం గీసుకోవడానికి ఒక గుండ్రటి స్టాండు అద్దం ఉండేది. ఒకవైపు మామూలు అద్దం, తిప్పితే రెండోవైపు ముఖం పెద్దగా కనిపించే అద్దం. ఒకరోజు పొద్దున గడ్డం గీసుకున్నాక దాన్ని కిటికీ గట్టు మీదే వదిలేశారు. కాసేపటికి ఇంట్లో మాడు వాసన. స్టవ్ మీద ఏదో పెట్టి మర్చిపోయామని వంటింట్లోకి పరిగెత్తాం. స్టవ్ ఆపేసే ఉంది. వాసన పడకగదిలోంచి వస్తోంది. వెళ్ళి చూస్తే కర్టెన్ మీద కళ్ళు చెదిరేంత తెల్లటి చుక్క ఒకటి, దాని దగ్గర్నుంచి దారప్పోగులా పొగ. అద్దాన్ని బోర్లించగానే చుక్క మాయమైంది. అప్పుడు దగ్గరగా చూస్తే గుడ్డ మీద వేలెడు పొడవున గోధుమరంగు గీత, కాస్త వంపు తిరిగి ఉంది. సూర్యుడు కదిలిన కొద్దీ ఆ చుక్కా కదులుతూ గీసిన గీత అది. గీత చివర మిరియపు గింజంత కన్నం. ఆ రోజు మేమంతా బయటికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

ముఖాన్ని పెద్దగా చూపే వైపు పుటాకార దర్పణం, అంటే లోపలికి వంగినది. దూరం నుంచి వచ్చే వెలుగునంతా అది ఒక్క చోటికి చేరుస్తుంది. ఆ చోటునే నాభి అంటారు. ఎండ పడితే ఆ చోట గుడ్డ, కాగితం అంటుకునేంత వేడి పుడుతుంది. కాబట్టి మీరు మేకప్‌కో, షేవింగ్‌కో అలాంటిది కొంటే కిటికీకి దూరంగా పెట్టండి. పని అయ్యాక మామూలు వైపుకి తిప్పండి, లేదా మీద ఒక గుడ్డ కప్పండి. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా గది లోపలిదాకా వస్తుంది, ఆ వేళల్లో మరీ జాగ్రత్త.

ముఖం నాభికంటే దగ్గరగా ఉంటేనే ఈ అద్దం మనల్ని నిటారుగా, పెద్దగా చూపిస్తుంది. వెనక్కి జరిగితే మసకబారి, ఇంకా జరిగితే తలకిందులవుతాం. నమ్మకం లేకపోతే ఒక స్టీలు గరిటె తీసుకుని చూడండి. లోపలివైపు తలకిందులుగా, వెనకవైపు నిటారుగా, చిన్నగా కనిపిస్తారు. ఈ అద్దాల మీద ఐదు రెట్లు, పది రెట్లు అని రాసి ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే ముఖాన్ని అంత దగ్గరికి తీసుకెళ్ళాలి, ముఖంలో అంత తక్కువ భాగం కనిపిస్తుంది. పది రెట్లది కొని కొన్నాళ్ళు వాడాను. కనుబొమ్మ కనిపిస్తే ముక్కు కనిపించదు. నన్నడిగితే ఐదు రెట్లు చాలు.

వెలుగు దారిని తిరగేస్తే ఇదే అద్దం టార్చిలైటుకీ, బండి హెడ్‌లైటుకీ పనికొస్తుంది. నాభి దగ్గర బల్బు పెడితే వెలుగు చెదిరిపోకుండా ముందుకి దూసుకుపోతుంది. పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టే చిన్న అద్దాల్లోనూ కొన్ని ఈ రకమే. అన్నిటికంటే పెద్ద పని మాత్రం టెలిస్కోపుది. 1668లో న్యూటన్ అద్దంతో పనిచేసే టెలిస్కోపు తయారుచేశాడు. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్‌లో ఉన్నది 2.4 మీటర్ల వెడల్పు అద్దం. దాని అంచు ఉండాల్సినదానికంటే సుమారు 2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా తయారైంది. అది మన తలవెంట్రుక మందంలో సుమారు యాభయ్యో వంతు. అంత చిన్న తేడాకే బొమ్మలన్నీ మసకగా వచ్చాయి, 1993లో వ్యోమగాములు వెళ్ళి సరిచేసే పరికరాలు అమర్చాల్సి వచ్చింది. అద్దానికి వంపే ప్రాణమని నాకు ఇంతకంటే బాగా చెప్పేది ఇంకేదీ కనిపించలేదు.

ఇక బయటికి ఉబ్బిన కుంభాకార దర్పణం. ఇది అన్నిటినీ చిన్నగా చూపిస్తుంది, అందుకే చిన్న అద్దంలోనే చాలా మేర పడుతుంది. మలుపుల దగ్గర, పార్కింగ్ గేట్ల దగ్గర, పెద్ద దుకాణాల మూలల్లో గుండ్రంగా వేలాడేవి ఇవే. కార్ల పక్క అద్దాలూ చాలావరకు ఇవే.

డ్రైవింగ్ నేర్చుకున్న కొత్తలో లేన్ మారబోతూ పక్క అద్దంలో చూశాను. వెనక ఒక మోటార్ సైకిల్ చిన్నగా, దూరంగా కనిపించింది. బోలెడు టైమ్ ఉందనుకుని స్టీరింగ్ తిప్పాను. అంతలోనే చెవి పక్కన హారన్. అతను సమయానికి బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది. చిన్నగా కనిపిస్తే దూరంగా ఉన్నట్టు లెక్కేసుకోవడం మన మెదడుకి అలవాటు. ఆ అద్దంలో ఆ లెక్క తప్పుతుంది. 'అద్దంలో కనిపించేవి అనుకున్నదానికంటే దగ్గరగా ఉంటాయి' అని కొన్ని కార్ల అద్దాల మీద రాసి ఉండేది అందుకే. అప్పటినుంచి నా పద్ధతి ఒక్కటే: పక్కన ఎవరైనా ఉన్నారా అనేది పక్క అద్దంలో చూస్తాను, ఎంత దూరంలో ఉన్నారనేది కారు లోపలి అద్దంలో చూస్తాను. లోపలిది సాధారణంగా చదునుది, కాబట్టి దూరం సరిగ్గా అంచనాకి వస్తుంది. తిప్పేముందు ఒక్కసారి మెడ తిప్పి కళ్ళతో చూస్తాను, ఎందుకంటే ఏ అద్దంలోనూ పడని చోటు ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

లోపలి అద్దం కింద చాలా కార్లలో ఒక చిన్న మీట ఉంటుంది. రాత్రిపూట వెనక బండి లైట్లు కళ్ళలో పొడుస్తుంటే దాన్ని కదపండి. ఆ అద్దం గాజు ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా ఉంటుంది. మీట కదిపితే వెనకున్న వెండిపూత వెలుగుని పైకప్పువైపు పంపేస్తుంది, ముందున్న ఉత్త గాజు నుంచి వచ్చే కొద్దిపాటి వెలుగే మన కంటికి చేరుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే కనిపించిన కొత్త డ్రైవర్లందరికీ చెబుతుంటాను.

చదును అద్దం గురించి ఏముందిలే అనుకుంటాం. సైజు మార్చదు, దూరం మార్చదు, ఎడమకుడులను మాత్రం మార్చినట్టు కనిపిస్తుంది. అంబులెన్స్ ముందు అక్షరాలు తిరగేసి రాసేది, ముందు బండివాళ్ళకి అద్దంలో సరిగ్గా కనిపించాలనే. కానీ ఈ ఎడమకుడుల మార్పు మందులా పనిచేయడం నేను మా అమ్మ దగ్గర చూశాను. పక్షవాతం వచ్చి ఆమె ఎడమచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపిస్టు టేబుల్ మీద రెండు చేతుల మధ్య ఒక అద్దం నిలబెట్టారు. ఎడమచెయ్యి అద్దం వెనక, కనిపించకుండా. కుడిచెయ్యి అద్దం ముందు. కుడిచెయ్యి మూసి తెరుస్తూ అద్దంలోకే చూడమన్నారు. అద్దంలో కనిపించేది ఎడమచెయ్యే మూసి తెరుచుకుంటున్నట్టు ఉంటుంది. మొదటి రోజు అమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని, "కదులుతోందిరా" అంది. అద్దం వెనక చెయ్యి ఆ రోజు కదల్లేదు. కొన్ని వారాల సాధన తర్వాత బొటనవేలు కొద్దిగా కదిలింది. మిగతా వ్యాయామాలూ చేయించారు కాబట్టి అంతా అద్దం గొప్పే అనను. కానీ ఆమెకి ఆశ పుట్టించింది మాత్రం అదే. చెయ్యో కాలో పోయినా అక్కడ ఇంకా నొప్పి ఉన్నట్టు అనిపించేవాళ్ళ కోసం మెదడు మీద పరిశోధన చేసే వి.ఎస్. రామచంద్రన్ 1990లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఇక మీ కొత్త ఇంటి సంగతి. తల నుంచి పాదాల దాకా కనిపించాలంటే మనిషంత అద్దం అక్కర్లేదు, మీ ఎత్తులో సగం చాలు. దూరం వెళితే ఇంకా ఎక్కువ కనిపిస్తామనుకుంటాం గానీ, గోడకి నిటారుగా బిగించిన అద్దంలో అలా జరగదు. ఎంత దూరం జరిగినా మన ఒంటిలో అంతే భాగం కనిపిస్తుంది. లెక్క సులువు. అద్దం కింది అంచు నేల నుంచి మీ కళ్ళ ఎత్తులో సగానికి రావాలి, పై అంచు మీ కళ్ళకీ నడినెత్తికీ మధ్యలో ఉండాలి. 170 సెంటీమీటర్ల మనిషికి కళ్ళు 160 దగ్గర ఉంటే, అద్దం 80 నుంచి 165 వరకు ఉంటే సరిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే అందరికంటే పొట్టివాళ్ళ కళ్ళని బట్టి కింది అంచు, పొడుగువాళ్ళని బట్టి పై అంచు పెట్టించుకోండి. గోడకి ముందు ఒక పాత పేపరు అంటించి చూసుకున్నాకే నేను మేకులు కొట్టించాను.

కొనేటప్పుడు గాజుకి ఎదురుగా నిలబడి తల అటూ ఇటూ మెల్లగా కదపండి. వెనకున్న తలుపు అంచు వంకర్లు పోతే ఆ గాజు చదునుగా లేనట్టే. వెనకవైపు పెయింటు గీతలు లేకుండా, అంచులదాకా ఉందో లేదో చూడండి. గాజు మీద వెండిపూత వేసే రసాయన పద్ధతిని 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కనిపెట్టాడు. అంతకుముందు తగరం, పాదరసం కలిపి పూసేవాళ్ళు, ఆ పని చేసినవాళ్ళ ఆరోగ్యం పాదరసంతో దెబ్బతినేది. ఇప్పుడు వెండో అల్యూమినియమో పూసి, వెనక పెయింటు వేస్తారు. ఆ పెయింటు సందులోంచి తడి వెళితే అంచుల్లో నల్లటి మచ్చలు మొదలవుతాయి, అవి తుడిస్తే పోయేవి కావు. కాబట్టి క్లీనింగ్ లిక్విడ్‌ని అద్దం మీద స్ప్రే చెయ్యకండి, కారి కింది అంచులో నిలిచిపోతుంది. గుడ్డ మీద స్ప్రే చేసుకుని తుడిచి, చివర్లో పొడిగుడ్డతో అంచులు ఒత్తండి. బాత్రూమ్ అద్దాన్ని గోడకి పూర్తిగా అతికించకుండా వెనక కొంచెం గాలి ఆడేలా బిగించమని చెప్పండి.