జింకల వేటకు మొదటి మజిల్‌లోడర్‌గా ఏ రైఫిల్ కొనాలి?

అమెరికాలో ఉంటూ తొలిసారి మజిల్‌లోడర్‌తో (మందునూ తూటానూ గొట్టం మూతి నుంచే కూరే తుపాకీతో) జింకల వేటకు వెళ్లదలచినవారు తుపాకీ కంటే ముందు తమ రాష్ట్రపు నిబంధనలు చూసుకోవాలి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తరువాతి ప్రత్యేక సీజన్‌కు చెకుముకిరాయితో నిప్పు పుట్టించే ఫ్లింట్‌లాక్ మాత్రమే చెల్లుతుంది. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో సాబోట్ తూటాలకూ (ప్లాస్టిక్ తొడుగులో ఇమిడే చిన్న తూటాలకూ) బిళ్లల రూపంలోని తుపాకీ మందుకూ అనుమతి లేదు. (మన దేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేటే నేరం.)

అటువంటి కట్టుబాటు లేనిచోట కొత్తవారికి .50 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) ఇన్‌లైన్ రకమే, అంటే నిప్పు పుట్టించే భాగం మందుకు సరిగ్గా వెనుక ఒకే వరుసలో ఉండే రకమే మేలని నా అభిప్రాయం. దాని 209 ప్రైమర్ (నిప్పు పుట్టించే చిన్న టోపీ) తేమ వాతావరణంలోనూ నమ్మకంగా మందును అంటిస్తుంది. పైగా వెనుకనున్న బ్రీచ్ ప్లగ్ అనే బిరడాను విప్పి గొట్టాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా శుభ్రం చేయవచ్చు. కాలిన నల్లమందు మసి తేమను పీల్చుకొని ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది కనుక ఇది చిన్న సౌకర్యం కాదు.

గొట్టం లోపలి మెలిక గాడులు 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే పొడవాటి తూటాలకు, 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే గుడ్డముక్కలో చుట్టిన గుండ్రని సీసపు గుండుకు అనువుగా ఉంటాయి. నల్లమందును గానీ, తయారీదారు సూచించిన ప్రత్యామ్నాయాన్ని గానీ ఘనపరిమాణంతో కొలిచి పోయాలి. పొగరాని ఆధునిక మందును, దానికోసం ప్రత్యేకంగా చేయని తుపాకీలో పోస్తే గొట్టమే పేలిపోవచ్చు.